తువ్వాలు ముడి

వానాకాలం సండూరు కొండదారిలో లారీలు దిగబడితే, గని నుంచి కింది ఆఫీసుకు తపాలా మోయడానికి సైకిలు మనిషి కావాలన్నారు. ఇద్దరు వచ్చారు. కొండ దిగి, వంక దాటి, ముందు చేరినవాడిదే ఉద్యోగం, పందెం నెల తర్వాత అన్నాడు మేనేజరు. ఆయనకదో వేడుక.

నెట్టికంటప్పకు వేడుక కాదు. అతని భార్య కరియమ్మ అదే గనిలో రాళ్లు కొట్టి కొట్టి దగ్గుతో ఎండిపోయింది. ఇంకా దుమ్ములోకి పంపితే దక్కదని డాక్టరు తెగేసి చెప్పాడు. ఈ ఉద్యోగం వస్తేనే ఆమె ఇంటిపట్టున ఉంటుంది. అందుకే నెలరోజులు జొన్నమూట భుజానేసుకుని కొండెక్కాడు. పోతున్న సైకిలు మీంచి దూకడం, ఆగకుండా దాన్ని భుజానికెత్తడం, పరుగెత్తుతూనే మళ్లీ సీటెక్కడం, మోకాళ్లు చీరుకుపోయేదాకా నేర్చాడు. వంకలో జారకుండా సైకిలును తువ్వాలుతో భుజానికి కట్టుకునేవాడు. మూటలు మోసిన అలవాటది. ముడి మాత్రం జారుముడి. కొస లాగితే బరువు ఊడిపోవాలి.

పోటీకొచ్చిన పంపన్న బండ్రి ఊరి సేద్యగాడు. కండ ఉంది గానీ మోత అలవాటు లేదు. ముందురోజు అమాయకంగా అడిగాడు.

"ఏందప్పా, తువ్వాలుతో కడతాండావు? నేనూ కట్టుకోవాల్నా?"

"కట్టుకో. గట్టిగా కట్టుకో."

ముడి సంగతి నెట్టికంటప్ప నోటిదాకా వచ్చింది. మింగేశాడు. చెబితే ఏం పోయేదని మనం అడగొచ్చు, మన ఇంట్లో ఎవరూ దగ్గడం లేదు గనుక.

మర్నాడు వంక నడుము లోతున పారుతోంది. నెట్టికంటప్ప ముందు గట్టెక్కాడు. వెనక కేక వినిపించింది.

"అప్పా! ముడి ఊడి రావడంల్యా!"

తిరిగి చూశాడు. పంపన్న నీళ్లలో బోర్లాపడ్డాడు, పైన సైకిలు. ఒక చెయ్యి భుజం దగ్గర తడుముకుంటోంది. పది అంగల దూరం. లేస్తాడులే అనుకున్నాడు నెట్టికంటప్ప. అలా అనుకోవడానికి చాలా కష్టపడ్డాడు. సైకిలు దించి, పరుగెత్తి, ఎక్కేశాడు.

ఉద్యోగం వచ్చింది. కరియమ్మ పని మానేసింది. మొదటి తపాలాగా మేనేజరు ఒక కాగితం, ఒక పొట్లం ఇచ్చి బండ్రికి పంపాడు, పంపన్న భార్య యంకమ్మకు.

ఆమె పొట్లం విప్పింది. శవాన్ని విడిపించడానికి ఒక పక్క కోసిన తువ్వాలు. ముడి అలాగే ఉంది.

"ఆయప్పకు ఇట్ల కట్టేది ఎవురు చెప్పినారో," అంది. "రోంత విప్పియ్యప్పా. బిడ్డకు చలి పెడ్తాండాది, కప్పుతా."

నెట్టికంటప్ప గోళ్లతో లాగాడు. పళ్లతో లాగాడు. చెమటలు కారాయి. చూసి చూసి ఆమె తువ్వాలు తీసేసుకుంది.

"పోనీలేప్పా, ముడితోనే కప్పుతా."