పెగ్ పొయ్యిలో మా నిప్పు

మా ఇంటి నిప్పు ఏడు తరాలుగా ఆరలేదు. ఐర్లండ్‌లోని మా డనిగాల్ కొండల్లో ఏ పొయ్యి అయినా అంతే. రాత్రి నివురు కప్పి పడుకుంటాం, తెల్లారి ఊది లేపుతాం. అది ఆరితే ఇల్లు చచ్చినట్టే.

ఈ సంగతి జమీందారు ఏజెంటు ప్రాట్‌కూ తెలుసు. బంగాళదుంపలు కుళ్లిన రెండో ఏడు షరతు పెట్టాడు. మే ఒకటిన మా అమ్మ గ్రాన్యా తన చేత్తో పొయ్యి ఆర్పి ఇల్లు అప్పగించాలి. అప్పుడే మా ఐదుగురికీ కెనడా ఓడ టికెట్లు. కాదంటే అక్కడే ఆకలితో చావాలి. నాన్నను జనవరిలోనే పూడ్చాం. ఈ షరతునే వాళ్లు దయ అన్నారు.

ఆ పొద్దున అమ్మ ఇనుప కుండలో నిప్పులు ఎత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని పక్కింటి పెగ్ గడపకు వెళ్లింది. పెగ్ తలుపుకు అడ్డం నిలబడింది.

"మతి పోయిందా గ్రాన్యా? మే ఒకటిన ఇంట్లోంచి నిప్పు బయటికి తెస్తారా ఎవరైనా? అదృష్టమంతా దాంతోనే పోద్ది."

"మా ఇంట్లో అదృష్టమా? ఎక్కడుందో చూపించు వదినా, ఉడకేసి పిల్లలకి పెడతా."

పెగ్‌కు నవ్వొచ్చింది. అయినా కదల్లేదు. "ఈ రోజు నిప్పు తీసుకుంటే నన్ను మంత్రగత్తె అంటారే."

"ఇప్పుడు పిసినారి అంటన్నారు. మంత్రగత్తే నయం." అమ్మ గొంతు తగ్గించింది. "ఆ ప్రాట్ నీళ్లు నా చేత్తోనే పోయిస్తాడంట. పోస్తా. పిల్లలు బతకాలి. కానీ మా నిప్పు మాత్రం చావకూడదు. తొందరగా చెప్పు, చెయ్యి కాల్తంది."

పెగ్ పక్కకు జరిగింది. మా నిప్పులను తన పొయ్యిలో పోసుకుంది.

"ఇక ఇది రెండిళ్ల పొయ్యి," అంది.

ప్రాట్ వచ్చాడు. మిగిలిన నిప్పు మీద అమ్మ బకెట్టెడు నీళ్లు గుమ్మరించింది. తమ్ముడు ఏడ్చాడు. అమ్మ ఏడవలేదు. దాంతో ప్రాట్‌కు అనుమానం వచ్చి కర్రతో బూడిద కెలికాడు.

"పూర్తిగా ఆరిందా?"

"మీరే కెలికారు కదా దొరా. ఇంకా ఏం కావాలి?"

టికెట్లు ఇచ్చాడు. అతని మనుషులు మా ఇంటి కప్పు కూల్చిన చప్పుడు దారిలో విన్నాం. అమ్మ అటు చూడలేదు. పెగ్ ఇంటి పొగను చూస్తూ, మలుపు దాకా వెనకడుగులు వేస్తూనే నడిచింది. చేతిలో ఖాళీ కుండ.

ఓడలో జ్వరం మా చిన్న చెల్లిని తీసుకుపోయింది. అమ్మ మాంట్రియల్‌లో పదిహేడేళ్లు ఊరి బట్టలుతికింది. ప్రతి ఉత్తరంలో నాతో మొదట రాయించే మాట ఒకటే: నిప్పు ఉందా? ఉందని పెగ్ జవాబు రాయించేది.

అమ్మా, పెగ్గూ ఇద్దరూ పోయారు. ఇప్పుడు అక్కడి రైతులు జమీందార్ల మీద తిరగబడ్డారు. ఆ పొయ్యిని ఇప్పుడు చూసుకునే పెగ్ మనవరాలు పోయిన నెల రాసింది: మా మొండిగోడల మీద ఊరివాళ్లు కప్పు వేశారట. అనుమతి ఎవరిచ్చారని కొత్త ఏజెంటు అరుస్తున్నాడట.

జవాబు రాశాను: "మే ఒకటికి వస్తున్నా. వాణ్ణి గడప దగ్గరే ఉండమను. నిప్పు నువ్వు చూసుకో. కుండ నేను తెస్తున్నా."