పేరు లేని పటం

అయినా అడుగుతారు, పేరు లేనంత మాత్రాన అడక్కుండా ఉంటారా, దేశం నలుమూలల నుంచీ వచ్చిన ఇన్ని వందలమంది భూశాస్త్రవేత్తల్లో ఈ పటం ఎవరు గీశారన్న ప్రశ్న ఒక్కరికైనా తట్టదా అనుకుంటూ రెబెకా హాలు చివరి వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. ఇక్కడి భూశాస్త్ర విభాగంలో పాఠాలు చెప్పే ఆమే సదస్సుకు స్థానిక కార్యదర్శి. ఎవరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి తలుపు దగ్గరే ఉండాలని అందరితో చెప్పింది. అసలు కారణం అది కాదు. అక్కడి నుంచి చూస్తే ఎవరెవరు ఆ పటం ఉన్న పుస్తకం తెరిచారో కనిపిస్తుంది.

ఏటా ఒక్కో నగరంలో జరిగే ఈ సదస్సు వరంగల్‌కు రావడం ఇదే మొదటిసారి. ఏడాదిగా ఆమెకు మరో ధ్యాస లేదు. కాజీపేటలో రైలు దిగేవాళ్లకు బస్సులు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లకు కింది అంతస్తు గదులు, ఉల్లిపాయ తిననివాళ్లకు వేరే వంట. వీటన్నిటి మధ్యా, అతిథులను చుట్టుపక్కల రాళ్లు చూపించడానికి తీసుకెళ్లే రోజు కోసం ఒక చిన్న పుస్తకం తయారుచేసింది. దాని నడి పేజీల్లో ఉంది ఆ పటం.

అది ఆమె ఆదివారాల పటం. చర్చిలో ఆరాధన అయ్యాక, చీర మీదే బూట్లు వేసుకుని, భర్త బెన్నీ బండి వెనక కూర్చుని హసన్‌పర్తి వైపు పోయేది. ఎప్పుడో భూమి లోపల కరిగిన రాయి, గ్రానైటు పగుళ్లలోకి ఎగదన్ని గడ్డకట్టి నల్లని గోడల్లా నిలిచిపోయింది. ఆ గోడలు ఎక్కడ పైకి తేలాయో, ఎక్కడ చేల కింద మునిగాయో ఆమె ఏళ్ల తరబడి నడిచి గీసింది. ముక్కలుగా కనిపించే ఒక గోడ నిజానికి తెగకుండా సాగే ఒకటే గోడ అని ఆ పటం చెబుతుంది. అంతకుముందు ఎవరూ ఆ మాట అనలేదు.

ప్రెస్సు నుంచి ప్రూఫు వచ్చిన రోజు పటం కింద తన పేరును ఆమే కొట్టేసింది. బెన్నీ కాజీపేటలో గూడ్సు రైలు డ్రైవరు. డ్యూటీకి తయారవుతూ అది చూశాడు.

"గిదేంది, పేరు కొట్టేసినవ్?"

"కార్యదర్శిని నేనే, పుస్తకం ఏయించేది నేనే. పేరు గూడ నేనే పెట్టుకుంటే ఏం బాగుంటది?"

"మరి ఎండల నా బండెనక కూసొని తిరిగిందెవలు? మీ హెడ్డు సారా?"

"ఊకోరాదుండ్రి."

"నీది అణకువ కాదు రెబెకా. మస్తు పొగరు. ఎవలో వచ్చి బతిమిలాడి అడగాలె, అప్పుడు నువ్వు సిగ్గుపడుకుంట చెప్పాలె!"

ఆమె నవ్వేసింది. మాట మాత్రం లోపల ఎక్కడో ఇరుక్కుపోయింది. చిన్నప్పుడు క్లాసులో మొదటి ర్యాంకు వచ్చినప్పుడల్లా, పాస్టరైన తండ్రి భోజనానికి ముందు ప్రార్థనలో బిడ్డ గర్వాన్ని క్షమించమని దేవుణ్ణి అడిగేవాడు. ఆమె కళ్లు మూసుకుని ఆమేన్ అనేది. గర్వపడకుండా ఉండటం ఆమెకు రాలేదు. దాన్ని ఎవరికీ కనబడనివ్వకపోవడం మాత్రం బాగా వచ్చింది.

భుజం మీద ఎవరో తట్టారు. భోజనాల ఏర్పాట్లు చూస్తున్న మహిపాల్.

"మేడం, పెరుగు ఒడిసేటట్టున్నది. కేటరింగాయన సతాయిస్తాండు. జర మీరొచ్చి చెప్పుండ్రి."

"కొద్దిసేపు ఆగు."

"ఆగితే పెద్ద పెద్ద సార్లు గిన్నెలు గీకుతరు మేడం!"

"గీకనీ."

మహిపాల్ ఆమె ముఖంలోకి వింతగా చూసి వెళ్లిపోయాడు. పిలిచినా లేవకపోవడం ఈ ఏడాదిలో ఇదే మొదలు. ఎందుకంటే వేదిక మీద సభాధ్యక్షుడు, ధార్వాడ నుంచి వచ్చిన ముసలాయన, ఆ పుస్తకాన్ని పైకెత్తి పట్టుకున్నాడు.

"నిన్న వెళ్లి చూశాను," అన్నాడాయన ఇంగ్లీషులో. "నమ్మకుండా వెళ్లాను. ఈ గోడ నిజంగానే ఎక్కడా తెగలేదు. దేశం మొత్తానికి మేం వేస్తున్న పటంలో దీన్ని చేర్చాలి, గీసినవారి పేరుతో సహా. ఎవరు గీశారు?"

హాలంతా పేజీలు తిప్పిన చప్పుడు. ముందు వరసలో విభాగాధిపతి శశాంక్ సగం లేచాడు. "అది మా విభాగం అందరి కృషి సార్."

శశాంక్ చెడ్డవాడు కాదు. పేరు లేదు కాబట్టి అలాగే అనుకున్నాడు. అలా అనుకునే వీలు ఇచ్చింది తనే.

"విభాగాలు నడవవు కదా," అన్నాడు ముసలాయన. "ఎవరో ఒకరు నడిచి ఉంటారు."

నవ్వులు. రెబెకా ఎదురుచూసింది. అందరూ వెనక్కి తిరుగుతారని, ఎవరో ఒకరు తనను చూపిస్తారని. ఒక్క తల కూడా తిరగలేదు. ఆ ఆదివారాల సంగతి తెలిసినవాడు బెన్నీ ఒక్కడే, అతను ఇప్పుడు బొగ్గు వ్యాగన్లు లాక్కుంటూ ఎక్కడో ఉన్నాడు. వేదిక మీద ముసలాయన పుస్తకం మూయబోతున్నాడు.

ఛాతీలో ఏదో వెచ్చగా పైకి లేచింది. భయమేమో అనుకుంది. కాదు. పత్తి చేను దాటాక, పోయిందనుకున్న నల్లరాయి మళ్లీ తేలిన చోట, ఒంటరిగా నిలబడి గట్టిగా నవ్విన రోజు ఇదే లేచింది. దీనికి క్షమాపణ ఎందుకు అడగాలి?

రెబెకా చెయ్యెత్తింది.