ఇనుము చేతిలో ఉన్నంతసేపూ

బస్సులో కోమలిది ఎప్పుడూ వెనక వరుసలో కిటికీ పక్క చోటు. పొద్దున్నే చల్లగాలి తగులుతుంటే ఫ్యాక్టరీ చేరేలోగా ఒక కునుకు తీసేది. ఈమధ్య ఆ చోటు నిస్సీకి వదిలేసి, సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో, ముందుకు వంగి కూర్చుంటోంది. కునుకు మాట అటుంచి, కళ్ళార్పడం కూడా మరిచిపోతోంది.

డ్రైవరు ఆమె మొగుడు మునికృష్ణ.

"ఏమే కోమలీ, ఇంట్లో సూసింది సాల్లేదా? ఈడ గూడా మొగుడి ఈపు సూసుకుంటా కూర్చుండావు," అంది పంకజాక్షి.

"కొత్త పెండ్లికూతురు గదక్కా. పద్దెనిమిదేండ్లేగా అయింది," అని నిస్సీ వెనకనుంచి అందుకుంది. బస్సంతా గొల్లుమంది.

కోమలి కూడా నవ్వింది. నవ్వుతూనే అతని చేతులు చూసింది. స్టీరింగు మీద రెండు చేతులూ కుదురుగానే ఉన్నాయి. కుడి మణికట్టుకు వాళ్ళమ్మ తొడిగిన ఇనప కడియం. బస్సు పల్లెదారి దాటి బెంగళూరు హైవే ఎక్కింది. పక్కన మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అతను హారను కొట్టినా ఆమె గుండె ఝల్లుమంటోంది, కొట్టకపోయినా ఝల్లుమంటోంది.

ఏం జరిగిందో ఆ బస్సులో వాళ్ళిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఈ మామిడి సీజనుకు బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలు తెరిచిన కొత్తలో, ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని వసారాలో పడుకున్న మునికృష్ణ ఉన్నట్టుండి కొయ్యలా బిగుసుకుపోయాడు. కళ్ళు పైకి తేలిపోయాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాయి. "ఇనుము! ఇనుము తేవే!" అని అరిచింది అత్త గంగులమ్మ. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని ఆ ఊళ్ళో అందరి నమ్మకం. కత్తిపీట ఎక్కడుందో కోమలికి ఆ క్షణాన తోచలేదు. గోడమేకుకు వేలాడుతున్న బస్సు తాళాలు లాక్కొచ్చి అతని గుప్పిట్లో కుక్కింది. గుప్పిట బిగుసుకుంది. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది.

తెలివొచ్చాక అతను మొదట చూసుకున్నది తన చెయ్యే. అరచేతిలో తాళాలు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"సూసినావా, తాళాలు గూడా ఇడిసిపెట్టలేదు నేను," అన్నాడు, ఏదో గెలిచినవాడిలా.

తిరుపతి పెద్దాసుపత్రి డాక్టరమ్మకు ఆ మాట ఎక్కలేదు. తలకు ఫోటోలు తీయించి, మాత్రలు రాసి, బండి తోలకూడదని చెప్పింది. సొంత స్కూటరే వద్దు, జనాన్ని ఎక్కించుకునే బండి మాట అసలు ఎత్తొద్దంది.

"ఏదన్నా మినహాయింపు ఉంటాదేమో మేడం? ఇరవై ఏండ్లుగా తోలతా ఉండా. ఒక్క గీత పడింది లేదు బండి మీద. సీజనయ్యే దాకా..."

"మినహాయింపు ఇచ్చేదాన్ని నేను కాదయ్యా. ఎవరైనా ఇచ్చినా, నీ జబ్బు ఆ కాగితం చదువుకుంటుందా?" అందామె.

అయినా అతను తోలుతూనే ఉన్నాడు. లైసెన్సు రెన్యువల్‌కి డాక్టరు సంతకం కావలసి వస్తే ఇంకొక డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగాడు. మునికృష్ణ లేవన్నాడు. కళ్ళు చూసి సంతకం పెట్టి పంపించాడాయన.

"అబద్ధం చెప్పినావా?" అంది కోమలి.

"ఒగసారి వచ్చింది జబ్బెట్లయితాది? సూడు, చేతులో ఇనుము పెట్టంగానే నిలిచిపాయె గదా. ఆ పొద్దు ఉత్త చేతుల్తో పండుకోని ఉన్న్యా, వచ్చింది. బండెక్కినాక స్టీరింగు పట్టుకోనే గదా ఉండేది."

"స్టీరింగుకు పైన రబ్బరు తొడుగు ఉండాదబ్బా."

"లోపలుండేది ఇనుమేనే."

ఆ జవాబుకు నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, బస్సెక్కి అతని వెనక కూర్చున్నప్పుడు ఆమె కూడా ఆ మాటనే పట్టుకుని వేలాడేది. తాళాలు పెట్టిన చెయ్యి తనదే. పెట్టగానే తగ్గింది కూడా నిజమే. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి, ఉన్నాయి, ఇంకా ఉన్నాయి అని దారంతా లోపల్లోపల అనుకునేది.

ఇంట్లో గంగులమ్మ ఆలోచన ఇంకో దారిన పోయింది. ఆమె పెనిమిటి దొరస్వామి పట్టాళంలో హవల్దారుగా రిటైరై, కొన్నేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. అప్పటినుంచి ఆయన పెన్షన్ ఆమెకు వస్తోంది. ఆ వ్యవహారాలన్నీ చూసిపెట్టేది పెంచలయ్య. దొరస్వామితో పాటు పట్టాళంలో చేసినవాడు, ఊళ్ళో ఏ సైనికుడి భార్యకు ఏ చిక్కొచ్చినా చిత్తూరు ఆఫీసులకు తిరిగేవాడు.

ఒక సాయంత్రం ఆయన వసారాలో కూర్చుని టీ తాగుతూ చెప్పాడు. "నాకు తెలిసినంత వరకు చెప్తా వదినా. పిల్లోడికి జబ్బు చేసి ఇంక సంపాదించుకోలేడని మెడికల్ బోర్డు రాసిస్తే, నీ తర్వాత ఆ పెన్షన్ వానికి బతికినన్నాళ్ళూ వస్తాది. అయితే నువ్వు ఉండంగానే రాయించి పెట్టుకోవాల. ఇస్తారో ఇయ్యరో బోర్డోళ్ళ ఇష్టం. మాత్రలతో తగ్గే జబ్బని అంటే ఇయ్యరు."

"అయితే రేపే పోదాం పా," అంది గంగులమ్మ. "ఈడు బస్సు తోలుకుంటా ఉండనీ. ఆ కాగితం గూడా ఒకటి పెట్టెలో పడుంటాది."

పెంచలయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఆ ఆఫీసులో బాగుండానని ఒక కాగితం. ఈ ఆఫీసులో బాగలేనని ఒక కాగితం. నీకు ఇద్దరు కొడుకులా వదినా?"

గంగులమ్మ పక్కున నవ్వింది. మునికృష్ణ నవ్వలేదు.

"నా వొంట్లో సత్తువ లేదని నేనే పొయ్యి రాయించుకోవాల్నా చిన్నాయనా? మా నాయన ముప్పై కేజీల మూట మోసుకోని మంచుకొండలు ఎక్కినాడే. ఆయన కొడుకు ఎందుకూ పనికిరానోడని బోర్డుమింద రాస్తారా?"

"పనికిరావని కాదు రా. సంపాదించుకోలేవని."

"రెండూ ఒకటే," అని లేచి బయటికి పోయాడు.

ఎందుకూ పనికిరాననే కాగితం వద్దన్నాడు కాబట్టి, తోలకూడదన్న మాట కూడా అతని చెవికి ఎక్కడం లేదు. కోమలికి అది అప్పుడే అర్థమైంది. అర్థమై చేసేదేముంది? అంట్లు తోమినవే మళ్ళీ తోమింది. ఫ్యాక్టరీలో తోతాపురి మామిడి ముక్కలు కోస్తూ రెండుసార్లు వేలు కోసుకుంది. సూపర్‌వైజరు వచ్చి, ఇట్లయితే గేటు దగ్గర ఊడ్చే పని ఇస్తానని కసురుకున్నాడు.

తర్వాతి ఆదివారం పొద్దున అతను ఇంటిముందు బస్సు చక్రం బోల్టులు బిగిస్తున్నాడు. కోమలి కొళాయి దగ్గర బట్టలు పిండుతోంది. గంగులమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. స్పానరు మీద ఒక కాలు వేసి బలంగా తొక్కినవాడు, మళ్ళీ వంగి దాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు.

"ఇను..." అని గంగులమ్మ నోరు తెరిచింది. అక్కడే ఆగిపోయింది.

అతని పిడికిళ్ళలో ఇనప స్పానరు. మణికట్టుకు ఇనప కడియం. భుజం ఇనప చక్రానికి తగిలి తగిలి కొట్టుకుంటోంది. ఇంకేం తెచ్చి పెట్టాలి? కోమలి అతని వేళ్ళు విడదీసి స్పానరు దూరంగా విసిరేసింది. డాక్టరమ్మ చెప్పినట్టు పక్కకు తిప్పి పడుకోబెట్టి, పిండిన చీర మడిచి తలకింద పెట్టింది. ఆ కాసేపూ ఆమెకు ఏ దేవుడూ గుర్తుకు రాలేదు. రేపు సోమవారం అన్నది ఒక్కటే గుర్తుకొచ్చింది.

తెలివొచ్చాక, "కాలు జారింది," అన్నాడు.

"మాత్రలు మింగతా ఉండావా?"

అతను స్పానరు కోసం పక్కన తడుముకున్నాడు. మళ్ళీ అడిగింది.

"మింగితే మత్తుగా ఉంటాది. మత్తులో అంతమంది ఆడోళ్ళను ఎట్ల తోలుకోని పొయ్యేది?"

అది విని కోమలికి కోపం కూడా సరిగ్గా రాలేదు. వాళ్ళ మేలు కోరే మానేశాడు మనిషి. బస్సులో ఉన్నవాళ్ళ కోసమే!

ఆమె పెరట్లోకి పోయి బస్సు ఓనరు ఢిల్లీబాబుకు ఫోన్ చేసింది. అంతా చెప్పింది. అతను అంతా విన్నాడు.

"సీజను మధ్యలో డ్రైవరు యాడ దొరుకుతాడమ్మా? సర్టిఫికెట్టు తెచ్చి ఇచ్చినాడు గదా. ఇంకో నెల నెట్టుకోని రమ్మను. తర్వాత సూద్దాం."

వసారాలోకి తిరిగొస్తే గంగులమ్మ చింతపండు చాటను అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "మీ మామ కష్టం ఆయన తర్వాత నాకొచ్చె. నా తర్వాత వీనికి రావాలంటే, నా బిడ్డ బతకలేడని నా నోటితో నేనే చెప్పాల్నా?" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

సోమవారం పొద్దున ఎప్పటిలాగే ఊళ్ళో ఆడవాళ్ళు టిఫిను క్యారియర్లతో వచ్చి బస్సెక్కారు. మునికృష్ణ ఇంజను స్టార్టు చేశాడు. కోమలి మెట్టు ఎక్కి, లోపలికి పోకుండా డ్రైవరు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది.

"దిగండక్కా," అంది. ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అంది. "అందురూ దిగండి. ఈయనకు ఫిట్స్ వస్తా ఉండాది. నిన్న గూడా వచ్చింది. తోలొద్దని డాక్టరమ్మ చెప్పింది."

ఆడవాళ్ళు సర్దుకుంటున్న క్యారియర్లు వదిలి ఆమెకేసి చూశారు.

"ఇంట్లోకి పో. ఇంటికాడ మాట్లాడుకుందాం," అన్నాడు మునికృష్ణ, అద్దంలోంచి ఎదురుగా చూస్తూ.

"ఇంటికాడ మాట్లాడేదంతా అయిపాయె."

మొదట నిస్సీ లేచింది. దిగుతూ కోమలి భుజం మీద చెయ్యి వేసింది. పంకజాక్షి మాత్రం మెట్టు మీద ఆగింది.

"నీకు మొదట్నుంచీ తెలుసు గదా. అందుకే గదా ఆ సీట్లో కూర్చునేది? మాకందరికీ పిలకాయలుండారే తల్లీ. ఇన్నాళ్ళు మమ్మల్ని కూర్చోబెట్టుకోని తీసకపోయినావు గదే!"

కోమలి తల దించుకుంది.

ఒక్కొక్కరే దిగిపోయారు. మునికృష్ణ ఇంజను ఆపాడు. స్టీరింగు మీద చేతులు అలాగే పెట్టుకుని, ఖాళీ బస్సులో ఎక్కడికో పోతున్నవాడిలా రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. కోమలి దగ్గరికి పోబోయింది. "పో," అన్నాడు. అంతే.

ఆడవాళ్ళు హైవే దాకా నడిచి, దొరికిన ఆటోల్లో కుక్కుకుని పోయారు. కోమలి వాళ్ళ వెనకే, ఎవరితోనూ మాట కలపకుండా పోయింది. ఆలస్యమైందని గేటు దగ్గర తిట్లు పడ్డాయి. ఆ రోజంతా ఆమె పని మీద కంటే ఫోన్ మీదే కన్ను వేసి ఉంది. ఒకసారి అత్తకు చేసింది. "ఇంట్లో లేడు. కడియం తీసి గడపలో పెట్టిపోయినాడు," అంది గంగులమ్మ. కోమలి ముక్కలు కోసే కత్తి పక్కన పెట్టేసింది. బావులున్నాయి, హైవే ఉంది, పురుగుల మందు అమ్మే అంగళ్ళున్నాయి. అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ళముందుకు వచ్చాయి.

సాయంత్రం షిఫ్టు అయ్యేసరికి గేటు బయట వాళ్ళ బస్సే నిలబడి ఉంది. స్టీరింగు ముందు ఢిల్లీబాబు, చెమటలు తుడుచుకుంటూ. మెట్టు మీద, తలుపు కడ్డీ పట్టుకుని, మునికృష్ణ.

"ఎక్కండి, ఎక్కండి," అంటున్నాడు క్లీనరులా. కోమలి వచ్చినప్పుడు మొహం తిప్పుకుని దారిచ్చాడు.

"పొద్దున నా ఇంటి ముందుకొచ్చి కూర్చున్నాడు తల్లీ," అన్నాడు ఢిల్లీబాబు, బస్సు కదిలిస్తూ. "నువ్వు తోలు, లేకపోతే ఇంకోణ్ణి పెట్టు, నేను మాత్రం తోలను, బండి మింద ఏ పనైనా చేస్తా అంటాడు. ఏం చేసేది? ఇంకోడు దొరికే దాకా నాకే తప్పలేదు."

పంకజాక్షి కోమలికి దూరంగా కూర్చుంది. మిగిలినవాళ్ళు ఎటూ తేల్చుకోలేనట్టు కిటికీల్లోంచి చూస్తున్నారు.

హైవే మీద బస్సు వేగం అందుకుంది. మునికృష్ణ ఇంకా మెట్టు మీదే, తలుపు తీసే ఉంచి, సగం ఒళ్ళు బయటికి వాల్చేసి నిలబడి ఉన్నాడు. చొక్కా గాలికి ఎగురుతోంది. కింద రోడ్డు వెనక్కి పరిగెత్తుతోంది. కోమలి సీట్లో ఒక నిమిషం కూర్చుంది. ఇంకో నిమిషం కూర్చోలేకపోయింది. లేచి పోయి అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగింది.

"ఏంది?" అన్నాడు ఉలిక్కిపడి.

"తలుపేసి లోపలికి రా."

అతను ఆమె మొహంలోకి చూశాడు, ఆ రోజుకు మొదటిసారి. "ఇదీ వద్దా?"

"ఇదీ వద్దు."

"పెంచలయ్య చిన్నాయన కాగితం తెచ్చేస్తాడు, పో. ఎందుకూ పనికిరాడని."

"ఎవురన్నారట్ల? తలుపు వెయ్యి."

బస్సంతా వింటోంది. తలుపు వేశాడు. ఎక్కడ నిలబడాలో తోచనట్టు కాసేపు చూసి, చివరికి ఆమె పక్కన ఖాళీ సీట్లో కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళలో బస్సులో అటువైపు కూర్చోవడం అతనికి అదే మొదలు. చేతులు మోకాళ్ళ మీద పెట్టాడు, తీశాడు, ముందు సీటు కడ్డీ మీద పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఢిల్లీబాబు గేరు మార్చినప్పుడల్లా అతని ఎడమకాలు తనంతట తానే కిందికి నొక్కుతోంది.

"సెకండుకు దించన్నా, ముందర ట్రాక్టరుండాది," అన్నాడు ఉండబట్టలేక.

"కనిపిస్తా ఉండాది లేప్పా," అన్నాడు ఢిల్లీబాబు.

కోమలి రోడ్డు చూడలేదు. ఆ చేతులనే చూస్తూ కూర్చుంది.