మూడుసార్లే తెరిచిన మూత

తాము చేసిన టెలిస్కోపును పైకి పంపే రాకెట్ ప్రయోగానికి వెళ్తున్న కోడలి సంచి సర్దడం అయిపోయినా, అత్తగారు జిప్పు తెరవడం, మూయడం మానలేదు.

“లాగి లాగి ఊడగొట్టకండి అత్తయ్యా! కిందటి టెలిస్కోపుకీ మేం ఇదే చేశాం. మూత తెరుచుకుంటుందో లేదోనని వందలసార్లు తెరిచి స్ప్రింగు అరగదీశాం. తీరా పైకెళ్ళాక మొరాయించింది.”

“అంత పైకెందుకూ? మన మేడ మీద పెట్టుకోకూడదూ?”

“నక్షత్రాల ఎక్స్‌రేలను గాలి కిందికి రానివ్వదు. ఈసారి మూతను మూడంటే మూడుసార్లు తెరిచి చూసి, చేతులు కట్టుకున్నాం.”

“నువ్వు మాత్రం తిరిగి రా తల్లీ.”

ప్రయోగం జరిగిన నాలుగోరోజు ఫోన్ మోగింది. “అత్తయ్యా, తెరుచుకుంది! ఓ నక్షత్రం ఎక్స్‌రేల్లో ధగధగలాడిపోతోంది!”

ఆదివారం కోడలు ఇంటికొచ్చింది. అంతకుముందు మంగళవారం ఉదయం పైకెళ్ళిన టెలిస్కోపు మాత్రం అక్కడే ఉండిపోయింది.