వాది, ప్రతివాది, హైడ్రోజన్ బాంబు

మధ్యాహ్నం మూడింటికి బెజవాడ బండి. ఆలోగా నాలుగు వందల సంతకాలు కావాలి. పరంజ్యోతి సంచిలో ఉన్నవి పదకొండు. అవి కూడా తన బడి పంతుళ్ళవే.

హైడ్రోజన్ బాంబు పరీక్షలు ఆపమని ఊరూరా జనం అర్జీలు పెడుతున్న 1958 అది. ఈ కాగితాలు ఆ బండి ఎక్కితేనే ఢిల్లీకి వెళ్ళే అర్జీలో ఈ సీమ గొంతు చేరుతుంది. సైన్సు చెప్పే పరంజ్యోతి నెల రోజులు ఆళ్లగడ్డ చుట్టూ సైకిలు తొక్కాడు. జనం ఓపిగ్గా విన్నారు, మజ్జిగ ఇచ్చారు, కలం చూడగానే చేలోకి పోయారు. అక్కడ కాగితం మీద సంతకమంటే ఎవరి తరఫునో సాక్ష్యానికి ఒప్పుకోవడమే. ఏ పక్షానికీ చెందని కాగితం ఉంటుందంటే ఎవరూ నమ్మలేదు.

చివరి ఆశగా నంద్యాల కోర్టుకు పరుగెత్తాడు. ఆ రోజు ఆళ్లగడ్డ పుల్లయ్యకూ మద్దిలేటికీ కేసు వాయిదా. కాలువ నీళ్ళ దగ్గర మొదలైన తగాదాకు తొమ్మిదేళ్ళు. వాయిదా వస్తే చాలు, చెరో రెండు వందల మందితో దిగుతారు. వరండాకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు.

పరంజ్యోతి నడిమధ్యన నిలబడ్డాడు. బాంబు ఎక్కడ పేలినా దాని విషం వానతో మన చేలలోనే దిగుతుందన్నాడు. ఆ బాంబులతో యుద్ధమే వస్తే భూమ్మీద మనుషులే మిగలరన్నాడు.

"మద్దిలేటి సంతకం చేసినాడా?" అడిగాడు పుల్లయ్య.

"లేదు పుల్లన్నా."

"మరి నేనెందుకు చేయాల?"

ఆ కొసన మద్దిలేటి కూడా అదే మాట అన్నాడు. లోపల గడియారం రెండు కొట్టింది. పరంజ్యోతి కాగితాలు మడుస్తుంటే పుల్లయ్య మళ్ళీ పిలిచాడు.

"అయివారూ, ఆ యుద్ధమొస్తే మా కేసేమైతాది?"

"ఇంక కేసు యాడుంటాదన్నా? కోర్టుండదు, తీర్పుండదు."

"అంటే మద్దిలేటి నా చేతిలో ఓడిపోకుండానే పోతాడా?"

"పోతాడన్నా."

పుల్లయ్య ముఖం నల్లబడింది. తొమ్మిదేళ్ళుగా ఆయన ఆ ఒక్క రోజు కోసమే బతుకుతున్నాడు. "తే కలం. వాడు ఓడిపోయేదంకా లోకం ఉండాల్సిందే."

ఇది విని మద్దిలేటి దిగ్గున లేచాడు. "నేను గెలిచేది చూసేకి వాడు బతికుండాల గదా. ఇట్ల తే ఆ కాగితం."

ఆ తర్వాత పరంజ్యోతి ఎవరినీ అడగలేదు. రెండు పక్షాలూ పోటీ పడ్డాయి. దస్తావేజు రాసే సుందరరాజు దగ్గర వేలిముద్రల సిరా నిండుకుంది. పుల్లయ్య బస్సు డ్రైవరు మస్తాన్‌ను లాక్కొస్తే, మద్దిలేటి కాఫీ హోటలునంతా ఖాళీ చేయించాడు. బంట్రోతు కేసు పిలిచాడు. ఇద్దరూ కాస్త ఆగమన్నారు.

రెండూ యాభైకి లెక్క ఐదు వందలు దాటింది. పరంజ్యోతి సైకిలు మీద స్టేషనుకు దూసుకుపోయి, కదులుతున్న బండిలో అర్జీలు తీసుకెళ్తున్న మనిషి చేతికి కట్ట అందించాడు.

వెనక్కి తిరిగేసరికి ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ ఆయాసపడుతూ నిలబడి ఉన్నారు. ఎవరి సంతకాలు ఎక్కువో చెప్పమన్నారు. అన్నీ ఒకే కాగితాల్లో కలిసిపోయాయని, తనకు తెలియదని చెప్పాడు పరంజ్యోతి.

"అయితే మళ్ళా మొదలుపెట్టు" అన్నాడు మద్దిలేటి. "ఈసారి ఊర్లోనే. మీ ఆడోళ్ళను గూడా పిలువు, పుల్లయ్యా."

తొమ్మిదేళ్ళలో అతను పుల్లయ్యతో నేరుగా అన్న మొదటి మాట అది.