నిమిరి చూసిన సొర

అన్నయ్య పడవ దింపిన తొట్టె ముందు చేపల తనిఖీ చేసే చెల్లెలు వంగి నిలబడింది. అందులోని సొరచేపలకు తలల్లేవు, రెక్కల్లేవు. వెన్ను మీది ముళ్లూ విరిచేశారు. మంచు గదిలో నాలుగు ఎక్కువ పట్టాలని నడిసముద్రంలోనే అలా కోసేయడం పడవల వాళ్ల అలవాటు. ఇక గుర్తుపట్టడానికి మిగిలింది చర్మమే.

ఆ తీరంలో వలకు పడే లోతు నీళ్ల సొరలు రెండు రకాలు. తల నుంచి తోకకు నిమిరితే గరుకుగా తగిలేదాన్ని అమ్ముకోవచ్చు. నున్నగా జారేది అంతరించిపోతోంది. ఏళ్లు మోసి ఒక్క పిల్లను కంటుంది. అది పడవలో దొరికితే ఏడాదంతా ఆ పడవ రేవులో కట్టేసి ఉండాల్సిందే.

కంటికి తేడా తెలియదు. చేతి తొడుగు తీసి నిమిరింది. మంచుకు వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. గరుకో నునుపో ఏమీ తగల్లేదు.

"గరుకే అమ్మాయ్," అన్నాడు అన్నయ్య.

"అడక్కముందే చెబుతున్నావేం?" అన్నాడు పక్కనే చేపలు తూచే కాటా మనిషి. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది."

"నీ కాటా ముల్లు వంకర సంగతి చూసుకోరా ముందు."

కాటా మనిషి నవ్వుకుంటూ అవతలికి పోయాక అన్నయ్య గొంతు తగ్గించాడు. "తెలీలేదని రాసెయ్. అబద్ధమేం కాదుగా."

అబద్ధం కాదు. అలా రాస్తే అడిగేవాళ్లూ లేరు. ఆమె వేసుకున్న ఉన్ని కోటు వదినది. అది గుర్తొచ్చినా లోపల ఏదీ కదల్లేదు.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే," అని అతను వెళ్లి టీ తెచ్చి ఇచ్చాడు. చిన్నప్పటినుంచీ అంతే, ఏదైనా కావాలంటే ముందు టీ.

ఆమె తాగలేదు. గ్లాసును రెండు చేతులా పట్టుకుని నిలబడింది. కాసేపటికి వేళ్ల చివర్లు చురుక్కుమన్నాయి. ఆ తర్వాత మంట. గ్లాసు కాటా బల్ల మీద పెట్టి మళ్లీ వంగింది. ఒకదాన్ని నిమిరింది. పక్కదాన్ని. దాని కిందిదాన్ని.

చెయ్యి ఎక్కడా ఆగలేదు. నున్నగా జారిపోయింది.

జేబులోంచి, పడవను ఆపేసే ఎర్ర చీటీ తీసి పైనున్న సొర తోకకు కట్టి ముడి బిగించింది.

అన్నయ్య ముడి వంక చూశాడు. "టీ ఇవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు.

"వదిన కోటు సాయంత్రం తెచ్చిస్తా."

"ఉంచుకో. చలి పోలేదింకా."

అతను పడవను గుంజకు కట్టేయడానికి మెట్లు దిగాడు. ఆమె పక్క తొట్టె దగ్గరికి వెళ్లి చేతులు మళ్లీ మంచులో పెట్టింది.