మగ్గం కింద చద్దర్లు

ఇంటింటా మగ్గాలు ఆడే భవాని పేట్‌లో చదువుకోవాలంటే ముందు చెవులు ఆ చప్పుడుకు అలవాటు పడాలి. ఋతుజ చెవులు కాపురానికి వచ్చిన కొత్తలోనే అలవాటు పడ్డాయి. ఇప్పటి తంటా వేరు. సోమవారం యూనివర్సిటీలో పరిశోధన సీటుకు ఇంటర్వ్యూ. ఆమె ఎంచుకున్న అంశం అసలే మొండిది: ఘనపదార్థంలో ఇరుక్కున్న పరమాణు కేంద్రకం శక్తిని వదిలితే, ఆ శక్తీ, దాని కోణీయ ద్రవ్యవేగం అనే తిరుగుడు జోరూ చుట్టూ వరుసగా పేర్చుకున్న పరమాణువుల అల్లికకు, అంటే లాటిస్‌కు, ఎలా చేరవచ్చు? సమీకరణాలు నోటికి వచ్చాయి. మామూలు మాటల్లో చెప్పబోతే మాత్రం కుదరడం లేదు. మామూలు మాటల్లోనే అడుగుతారట.

గోడ అవతల తన పవర్‌లూమ్ దడదడే కోడలి అవస్థకు కారణమని మామ అంబాదాస్ తీర్మానించుకున్నాడు. శనివారం పొద్దున, ఎవరికీ చెప్పకుండా, మగ్గాన్ని నేలకు బిగించిన బోల్టులు విప్పాడు. గడ్డపారతో ఒక్కో కాలూ లేపి, మచ్చపడి అమ్ముడుపోని చద్దర్లు, ఆ మందపు దుప్పట్లు, మడతపెట్టి కింద దోపాడు. చప్పుడు నిజంగానే తగ్గింది. ఇన్నేళ్లలో తన నిద్ర కోసం చేతిరుమాలైనా దోపలేదని అత్త సుందరాబాయి గుర్తుచేసి, చాయ్ పెట్టడానికి వెళ్లింది.

చాయ్ మరిగేలోపే మగ్గం నడక మొదలుపెట్టింది. నూలు కండెను మోసే నాడెను అటూ ఇటూ విసిరిన ప్రతిసారీ కొంచెం జరిగింది. ఊరికే జరగలేదు, జరుగుతూ తిరిగింది కూడా. అంబాదాస్ ఉరికి వచ్చి మోటారు ఆపేసరికి దాని ముఖం వంటింటి వైపు ఉంది.

"ఏంది, దీనికి గూడ చాయ్ గావాల్నా?" అంది సుందరాబాయి.

అంబాదాస్ బోల్టులు మళ్లీ బిగించడానికి పానా అందుకున్నాడు. ఋతుజ మాత్రం నేల మీద మగ్గం కాళ్లు గీసిన వంపు గీతల దగ్గర చతికిలబడింది.

"మామా, ఉండుండ్రి. ఇప్పుడే బిగించకుండ్రి."

మగ్గం మీది పడుగు నూలు వదులైపోతుందని ఆయన గోల. ఆమె వినే స్థితిలో లేదు.

"విడిగ ఉన్న కేంద్రకం శక్తిని ఇడిస్తే గిట్లనే ఎన్కకు జరుగుతది మామా. బోల్ట్ బిగిస్తే ధక్కా, మెలి, రెండు నేలకు పోతయి. నేల గంత పెద్దది, కదిలినట్టే కానరాదు. లాటిస్ అంటే మన నేల."

"మరి శక్తంత గట్లనే నేలకు పోతదా?"

అసలు చిక్కు అదే. ధక్కాను లాటిస్ మొత్తం మోస్తుందని ఏనాడో రుజువైంది. శక్తి అంతా చిన్న చిన్న వాటాలై పరమాణువులకు పంపకమైపోతుందా అన్నదాని మీదే ఇంకా కొట్లాట.

"గది ఇంకా తేలలే మామా. గందుకే సీటు అడుగుతున్న."

సోమవారం ఇంటర్వ్యూలో మగ్గం కథంతా చెప్పింది. ఒక ప్రొఫెసర్ సరిగ్గా మామ అడిగిందే అడిగాడు. తేలలేదనే చెప్పి, ఎలా పరీక్షిస్తావంటే, కేంద్రకాన్ని ఒకసారి లాటిస్‌లో బిగించి కొలుస్తాను, ఒకసారి విడిగా వదిలి కొలుస్తాను, శక్తి ఎటు పోయిందో ఆ తేడాయే చెబుతుంది అంది. సీటు వచ్చింది.

ఇరుగుపొరుగుకు ఏమని చెప్పాలని సుందరాబాయి అడిగింది. ఎవరికీ తేలని సంగతి మీద పని అని చెప్పమంది ఋతుజ. పని ఎప్పుడు అయిపోతుందోనన్న బెంగ ఎరిగిన అత్త తృప్తిగా తలూపింది.

"మంచిదే బిడ్డా. జల్దీ ఒడువని పని దొరుకుడు నసీబు."